సెగరాయి లెక్క: కల్పిత లోకంలో ఫ్యాక్టరీలు నడిపే ఖనిజాన్ని కట్టడం ఎలా

ఫాంటసీ కథకో గేముకో మాయా ఖనిజం కావాల్సి వస్తే చాలామంది మొదట రాసుకునేది దాని బలం. చిటికెడు వేస్తే ఓడ కదులుతుంది, పిడికెడు వేస్తే కోట కూలుతుంది. అంతవరకూ బాగానే ఉంటుంది. ఆ రాయి మీద ఒక పారిశ్రామిక నగరాన్ని నిలబెట్టబోయేసరికి తేడా కొడుతుంది. అంత బలమైన రాయి చేతిలో ఉంటే పొగగొట్టాలెందుకు, కాలువలెందుకు, గని కూలీలెందుకు? పరిశ్రమ రూపాన్ని తేల్చేది ఖనిజం బలం కాదు. ఆ బలాన్ని అది ఏ షరతు మీద వదులుతుందన్నది. షరతు సరిగ్గా రాసుకుంటే గనులు, యంత్రాలు, ప్రమాదాలు, దొంగతనాలు, యుద్ధాలు చాలావరకు వాటంతటవే వస్తాయి. ఒక్కోదాన్నీ విడిగా కల్పించే పని ఉండదు.

ఇందుకోసం ఒక రాయిని మొదటినుంచీ కడదాం. పేరు సెగరాయి. కిలోకి 300 మెగాజూళ్ల వేడి ఇస్తుంది. ఉప్పునీళ్లు తగిలితేనే ఇస్తుంది, మంచినీళ్లలో గానీ గాలిలో గానీ చల్లగా పడి ఉంటుంది. తడిసిన ఉపరితలంలో ప్రతి చదరపు సెంటీమీటరుకూ 1 వాట్ చొప్పున వేడి వస్తుంది. ఇది పది శాతం ఉప్పున్న నీళ్లలో లెక్క, ఉప్పు తగ్గితే వేడీ ఆ మేరకు తగ్గుతుంది. సాంద్రత నీటికి రెండున్నర రెట్లు. వాడేశాక రంగు మారదు, బరువు తగ్గదు. నియమాలు ఇంతే.

కిలోకి ఎంత?

ముందు అసలు లోకపు కొలతలు. ఎండు కట్టె కిలోకి సుమారు 16 మెగాజూళ్లు ఇస్తుంది, మంచి బొగ్గు 30 దాకా, పెట్రోలు 46 దాకా. లిథియం అయాన్ బ్యాటరీలో కిలోకి ఒక్క మెగాజూల్ కూడా ఉండదు. యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే దాదాపు 8 కోట్ల మెగాజూళ్లు. అంటే సెగరాయి బొగ్గుకు పది రెట్లు, యురేనియంతో పోలిస్తే లెక్కలోకే రాదు.

ఇప్పుడు 100 హార్స్‌పవర్ ఇంజన్ ఉన్న ఒక నూలు మిల్లును తీసుకోండి. అంటే సుమారు 75 కిలోవాట్లు. రోజుకు పది గంటలు నడిస్తే 2,700 మెగాజూళ్ల పని. ఇంజన్ సామర్థ్యం పది శాతం అనుకుంటే లోపలికి 27,000 మెగాజూళ్ల వేడి పోవాలి. బొగ్గయితే రోజుకు 900 కిలోలు. సెగరాయి అయితే 90 కిలోలు. యురేనియం బలమున్న రాయి అయితే మూడోవంతు గ్రాము.

ఈ మూడూ మూడు వేర్వేరు లోకాలు. రోజుకు 900 కిలోలంటే మిల్లు గని పక్కనే ఉండాలి, లేదా కాలువో రైలో కావాలి. 1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెరిచాక మాంచెస్టర్‌లో బొగ్గు ధర సుమారు సగానికి పడిపోయింది. బొగ్గు ధరలో రవాణా వాటా ఎంతో అక్కడే తెలిసిపోతుంది. 90 కిలోలంటే ఒక కంచరగాడిద మోసే బరువు. కాలువ తవ్వక్కర్లేదు, కొండదారి చాలు. కాబట్టి సెగరాయి లోకంలో మిల్లులు గనికి దూరంగా, కొండల్లో కూడా ఉండొచ్చు. మూడోవంతు గ్రాముకు వస్తే రవాణా అన్న మాటే పోతుంది, ఏడాది సరుకు ఒక పెట్టెలో పడుతుంది. ఆ పెట్టె తాళం ఎవరి దగ్గరుంటే రాజ్యం వాళ్లది. అలాంటి రాయితో కుట్రల కథ బాగా వస్తుంది, పారిశ్రామిక కథ రాదు. గని కార్మికులు, బండివాళ్లు, గోదాములు కావాలనుకునే రచయిత బలాన్ని కోట్ల రెట్లు పెంచుకుంటూ పోకూడదు. బొగ్గుకు మూడు నుంచి ముప్ఫై రెట్ల మధ్య ఉంచుకుంటే పని జరుగుతుంది.

మరొకటి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. వాడిన రాయిని మళ్లీ నింపవచ్చా? నింపగలిగితే అది ఇంధనం కాదు, బ్యాటరీ. అప్పుడు లోకాన్ని నడిపేది రాయి కాదు, దాన్ని నింపే జలపాతమో పిడుగో మంత్రగాడో. గని ఒక తరం తవ్వితే చాలు, ఆ తర్వాత అధికారమంతా నింపేవాడి చేతికి పోతుంది. చాలా కథలు ఈ రెంటినీ కలిపేసి, గని కోసం యుద్ధాలు చేయిస్తూనే రాళ్లను నింపిస్తుంటాయి. సెగరాయిని నింపలేం.

ఆపడం ఎలా?

టీఎన్‌టీలో కిలోకి ఉన్నది సుమారు 4.2 మెగాజూళ్లే. ఎండు కట్టెలో అంతకు నాలుగింతలు ఉంది. అయినా కట్టె పొయ్యిలోకి వెళ్తుంది, టీఎన్‌టీ బాంబులోకి వెళ్తుంది. తేడా వేగంలో ఉంది. కట్టెకూ బొగ్గుకూ గాలి కావాలి. కిలో బొగ్గు పూర్తిగా కాలడానికి పది పదకొండు కిలోల గాలి పడుతుంది. పొయ్యి మూత వేస్తే మంట తగ్గుతుంది, అదే దాని బ్రేకు. తనంతట తానే వేడి విడిచే మాయా ఖనిజానికి అలాంటి బ్రేకు లేదు. దాన్ని తవ్వి తీసే కూలీ బతకడు, అంతకుముందే అది కొండలోనే ఖర్చైపోయి ఉంటుంది. అందుకే రెండో పదార్థం ఒకటి తప్పనిసరి. సెగరాయికి అది ఉప్పునీళ్లు.

వేడి ఉపరితలం మీద ఆధారపడుతుంది కాబట్టి ముక్క సైజే ఈ వ్యాపారానికి ప్రాణం. పది సెంటీమీటర్ల ఘనానికి ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక సెంటీమీటరు ముక్కలుగా కొడితే 6,000. మిల్లీమీటరు రవ్వ చేస్తే 60,000. రాయి అదే, బరువు అదే, వేడి వచ్చే వేగం మాత్రం వంద రెట్లు. ఆంత్రసైట్ బొగ్గును అమెరికాలో గుడ్డు, పొయ్యి, చెస్ట్‌నట్, బఠాణీ అని సైజుల పేర్లతో అమ్మేవారు. సెగరాయి బజారులోనూ అలాంటి పేర్లే పుడతాయి. మూడు సెంటీమీటర్ల ముక్క బాయిలర్లకు, ఒక సెంటీమీటరు చిన్న ఇంజన్లకు. రవ్వను తడిలేని సీలు డబ్బాల్లో తప్ప అమ్మకూడదని చట్టం ఉంటుంది, ఆ చట్టాన్ని తప్పించుకునేవాళ్లూ ఉంటారు.

బాయిలర్ గది

మిల్లు నడిచే పది గంటలూ 750 కిలోవాట్ల వేడి కావాలి. మూడు సెంటీమీటర్ల ముక్కకు ఉపరితలం 54 చదరపు సెంటీమీటర్లు, బరువు 67.5 గ్రాములు, కాబట్టి ఒక్కోటి 54 వాట్లు ఇస్తుంది. 750 కిలోవాట్లకు దాదాపు 13,900 ముక్కలు, మొత్తం 940 కిలోలు. రోజు ఖర్చు 90 కిలోలే అయినా తొట్టిలో ఎప్పుడూ అంతకు పది రెట్ల రాయి ఉండి తీరాలన్నమాట. ఈ సంగతి మిల్లు యజమాని పెట్టుబడినీ, ప్రమాదం ఎంత పెద్దదన్నదాన్నీ ఒకేసారి నిర్ణయిస్తుంది.

ఉప్పునీళ్లను మరిగించి ఆ ఆవిరినే ఇంజన్‌లోకి పంపితే ఆవిరితో పాటు ఎగిరే ఉప్పు తుంపర సిలిండర్‌ను తినేస్తుంది. అందుకని రెండు వలయాలు కావాలి. మొదటిదాంట్లో రాళ్ల తొట్టి గుండా ఉప్పునీళ్లు తిరుగుతాయి. ఆ వేడి రాగి గొట్టాల గోడ దాటి రెండో వలయంలోని మంచినీళ్లకు చేరి ఆవిరవుతుంది. ఆవిరిని 150 డిగ్రీల దగ్గర ఉంచాలంటే పీడనం వాతావరణానికి సుమారు ఐదు రెట్లు, ఉప్పునీళ్ల వైపు ఇంకొంచెం ఎక్కువ. ఈ పీడనానికి ఆగే రేకు, రివెట్లు, కీళ్లు చేయగల కమ్మరులు మీ లోకంలో ఉన్నారా? మాయ రాయిలో ఉంది, రివెట్లలో లేదు. జేమ్స్ వాట్ ఆవిరి ఇంజన్‌కు వేరు కండెన్సర్ (వాడిన ఆవిరిని చల్లార్చి నీళ్లు చేసే గది) పేటెంట్ 1769లోనే వచ్చినా, సిలిండర్‌ను గుండ్రంగా తొలిచే పని సాధ్యమైంది జాన్ విల్కిన్సన్ అనే ఇనుప వ్యాపారి ఫిరంగులు తొలవడానికి 1774లో పేటెంట్ తీసుకున్న యంత్రం తర్వాతే. అలాంటి తొలిచే యంత్రం లేని లోకంలో ఎంత గొప్ప ఖనిజం ఉన్నా పిస్టన్ పక్కనుంచి ఆవిరి కారిపోతూనే ఉంటుంది.

సాయంత్రం ఆపాలంటే అడుగున ఉన్న వాల్వ్ తెరిచి ఉప్పునీళ్లు దించేయాలి. ఆ తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. కడగకపోతే రాళ్ల మీద మిగిలిన తడి ఆరిపోయి ఉప్పు పొరగా గడ్డకడుతుంది. ప్రమాదాలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. కడగడం మానేసిన తొట్టిలో మర్నాడు ఉప్పునీళ్లు పోస్తే పొర అడ్డుపడి వేడి మందంగా లేస్తుంది. రాయి చచ్చిపోయిందనుకుని ఫోర్‌మన్ ఇంకో వంద కిలోలు వేయిస్తాడు. గంటకో రెండు గంటలకో పొర కరిగి, పాత రాళ్లూ కొత్త రాళ్లూ కలిసి ఒక్కసారిగా పనిచేయడం మొదలుపెడతాయి. ఆపుదామని అడుగు వాల్వ్ దగ్గరికి వెళ్తే దాని నోట్లోనూ ఉప్పు గడ్డకట్టి ఉంటుంది.

రెండో ప్రమాదం నెమ్మదిగా వస్తుంది. వేడెక్కి చల్లారి, చల్లారి వేడెక్కి రాళ్లు చిట్లుతాయి. 940 కిలోల్లో పదోవంతు, అంటే 94 కిలోలు, మిల్లీమీటరు రవ్వగా మారిందనుకోండి. రవ్వ కిలోకి 24 కిలోవాట్లు ఇస్తుంది. ఆ 94 కిలోలే 2,250 కిలోవాట్లు విడుస్తాయి, తొట్టి మొత్తం ఇవ్వాల్సినదానికి మూడింతలు. సేఫ్టీ వాల్వ్ 750 కిలోవాట్లకు చేసిందైతే అది తెరుచుకున్నా బాయిలర్ పగులుతుంది. కాబట్టి వారానికోసారి రాళ్లన్నీ దించి జల్లెడ పట్టాలి. జల్లెడ పట్టే రోజున మిల్లు ఆగుతుంది. యజమాని దాన్ని రెండు వారాలకోసారి చేయమంటాడు. కథకు వేరే దుర్మార్గుడు అక్కర్లేదు.

నీళ్లు లేకపోతే రాయి ఉండీ లేనట్టే

పది శాతం సామర్థ్యం అంటే తొంభై శాతం వేడి వృథా. ఇది బద్ధకం వల్ల కాదు. 150 డిగ్రీల ఆవిరి, 30 డిగ్రీల కండెన్సర్ ఉంటే ఎంత గొప్ప యంత్రమైనా 28 శాతం దాటలేదని కార్నో సూత్రం చెబుతుంది. న్యూకమెన్ 1712లో నిలబెట్టిన ఇంజన్ ఒక్క శాతం కూడా అందుకోలేదు. మన మిల్లులో రోజుకు 24,300 మెగాజూళ్లు ఎటో పోవాలి. నీళ్లను ఆవిరిగా వదిలేస్తే రోజుకు దాదాపు 10,700 లీటర్లు ఖర్చవుతాయి. ఏటి నీటిని 20 డిగ్రీలు వేడెక్కించి తిరిగి వదిలితే 2,90,000 లీటర్లు పారాలి. రాయిని గాడిద మీద ఎక్కడికైనా తీసుకుపోవచ్చు గానీ మిల్లు మాత్రం ఏటి ఒడ్డునే పుడుతుంది. ఎండాకాలంలో ఏరు సన్నబడితే పని ఆగుతుంది. దిగువ ఊళ్లకు గోరువెచ్చటి, కాస్త ఉప్పుదేలిన నీళ్లు వస్తాయి. పొలాల గొడవ అక్కడ మొదలవుతుంది.

గనిలో

ఉప్పునీళ్లు తగిలితే ఖర్చైపోయే రాయి సముద్రం దగ్గర మిగిలి ఉండదు, ఉప్పు ఊటలున్న నేలలోనూ ఉండదు. ఎత్తైన, మంచినీటి పొరలున్న లోపలి కొండల్లోనే దొరకాలి. భౌగోళికం ఇలా ఒక్క నియమంతోనే సగం రాసేయవచ్చు.

ముడిరాయిలో సెగరాయి రెండు శాతం, శుద్ధిలో చేతికొచ్చేది దాంట్లో ఎనభై శాతం అనుకుందాం. మిల్లుకు రోజూ కావాల్సిన 90 కిలోల కోసం 5.6 టన్నుల రాయి తవ్వాలి. అదే మిల్లుకు బొగ్గు 900 కిలోలు సరిపోయేది. మిల్లు దగ్గర పది రెట్లు తేలికైన సరుకు గని దగ్గర ఆరు రెట్లు బరువెక్కిందన్నమాట. బొగ్గు పొర అంతా బొగ్గే, ఖనిజం మాత్రం రాతిలో దాక్కుంటుంది. మేరీ క్యూరీ టన్నుల కొద్దీ పిచ్‌బ్లెండ్ (యురేనియం ముడిఖనిజం) వ్యర్థాన్ని శుద్ధి చేసి 1902 నాటికి సాధించింది 0.1 గ్రాము రేడియం క్లోరైడ్. ఈ తేడా వల్ల శుద్ధి గని దగ్గరే జరగాలి, చెత్తగుట్ట కూడా అక్కడే లేస్తుంది.

శుద్ధి ఎలా అన్నదాన్ని సాంద్రత తేలుస్తుంది. బంగారం నీటికి 19 రెట్ల బరువు కనుక కడిగితే అడుగున మిగులుతుంది. సెగరాయి 2.5, మామూలు క్వార్ట్జ్ 2.65. కడిగితే రెండూ కలిసే కొట్టుకుపోతాయి. ఇక మిగిలింది చేత్తో ఏరడమే. పెన్సిల్వేనియాలో బొగ్గును పగలగొట్టి వేరుచేసే బ్రేకర్లలో పలకరాయిని ఏరడానికి చిన్నపిల్లల్ని కూర్చోబెట్టినట్టే ఇక్కడా కూర్చోబెడతారు. మీ లోకంలో ఆ పిల్లలు వద్దనుకుంటే సాంద్రతను 6 చేయండి, కడుగు తొట్టి చాలు. అప్పుడు బాయిలర్ తొట్టి బరువు మళ్లీ లెక్క వేసుకోవాలి.

అసలు ఇబ్బంది చెమట. చెమటలో ఉప్పుంది, కన్నీళ్లలో ఉంది, ఊపిరితిత్తుల తడిలో ఉంది. ఒంటి ద్రవాల్లో ఉప్పు ఒక శాతం లోపే కనుక ముద్దరాయిని పట్టుకుంటే కాస్త వెచ్చబడుతుంది, అంతే. ధూళి సంగతి వేరు. నూరో వంతు మిల్లీమీటరు ధూళికి గ్రాముకు 2,400 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. అది కంట్లో పడితే కన్ను పోతుంది, పీలిస్తే ఊపిరితిత్తి లోపల్నుంచి ఉడుకుతుంది. తవ్వే చోట మంచినీళ్లు చల్లుతూనే ఉండాలి, గాలి ఆడాలి, గంటకోసారి చెమట తుడుచుకోనివ్వాలి. బొగ్గుగనుల్లో ధూళి చేసిన నష్టం తెలిసిందే. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో బొగ్గుధూళి పేలుడు 1,099 మందిని చంపింది. 1812లో ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గనిలో 92 మంది పోయాక గనిలోని మండే గ్యాసును అంటించని డేవీ దీపం 1815లో వచ్చింది. దీపం వచ్చాక జరిగింది కూడా గమనించాలి. గ్యాసు భయంతో అంతకుముందు వదిలేసిన పొరల్లోకి కూలీల్ని దించారు. మీ లోకంలో ఎవరైనా మంచి ముసుగు కనిపెడితే, మర్నాడు గని ఇంకో వంద అడుగులు లోతుకు దిగుతుంది.

కల్తీ, కొలత

వాడిన రాయి చూడ్డానికి కొత్తరాయిలాగే ఉంటుందని మొదట్లో పెట్టుకున్న నియమం బజారులో పనిచేస్తుంది. చచ్చిన రాయి కలపడం కంటే తేలికైన మోసం లేదు. కాబట్టి బస్తా దించిన ప్రతిచోటా పరీక్ష ఉండాలి. ఒక గ్రాము పొడి, మూతున్న, మందపాటి ఉన్ని చుట్టిన పాత్రలో పది లీటర్ల ఉప్పునీళ్లు. గ్రాము నుంచి 300 కిలోజూళ్లు వస్తే నీళ్లు సుమారు 7.2 డిగ్రీలు పెరగాలి. ఐదే పెరిగితే సరుకులో ముప్ఫై శాతం చచ్చిన రాయి. కలపకుండా చూస్తే కొలత తప్పుతుంది, ఉన్ని సరిగా చుట్టకపోతే మంచి సరుకు కూడా చెడ్డదిగా తేలుతుంది. బస్తా పైనుంచే నమూనా తీస్తే అడుగునున్న మోసం దొరకదు. దీనికి డిగ్రీలో పదోవంతు చూపించే థర్మామీటర్ కావాలి. ఫారెన్‌హీట్ పాదరసం థర్మామీటర్ చేసింది 1714లో. మీ లోకంలో గాజు ఊదడం ఆ స్థాయికి రాకపోతే బజారులో నమ్మకం కులపెద్దల మాట మీదో గిల్డు ముద్ర మీదో నడవాలి. ముద్ర ఉన్నవాళ్లు దాన్ని అమ్ముకుంటారు.

ఓడలు, ఫిరంగులు

సముద్రపు నీళ్లలో ఉప్పు సుమారు మూడున్నర శాతం, మన కొలతకు మూడోవంతు. వంద టన్నుల బాయిలర్ సైజు సెగరాయి మోసే ఓడ అడుగు చిల్లుపడి సరుకంతా తడిస్తే 27 మెగావాట్లకు పైగా వేడి లేస్తుంది, సెకనుకు పన్నెండు కిలోల ఆవిరి. కాల్చిన సున్నం (నీళ్లు తగిలితే వేడెక్కే రకం) మోసిన ఓడలు నీళ్లు చొచ్చి తగలబడిన సంఘటనలు నిజంగానే ఉన్నాయి. నీళ్లు తగిలితే మండే వాయువు విడిచే కాల్షియం కార్బైడ్‌ను ఇప్పటికీ గాలి చొరని డ్రమ్ముల్లోనే పంపుతారు. కాబట్టి సెగరాయి లోకంలో సముద్ర సామ్రాజ్యాలు వెనకబడతాయి, నదీ రేవులూ కొండ కనుమలూ చేతిలో ఉన్న రాజ్యాలు పైకి వస్తాయి.

ఆయుధంగా ఎంత పనికొస్తుంది? మిల్లీమీటరులో పదోవంతు ధూళి కిలోకి 240 కిలోవాట్లు ఇస్తుంది. 300 మెగాజూళ్లు ఖర్చు కావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఫిరంగి మందుగా పనికిరాదు, గిడ్డంగులు తగలబెట్టడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఏ ఖనిజం కల్పించినా దాని మెత్తటి పొడి ఎంతసేపట్లో ఖర్చవుతుందో ఒకసారి లెక్కేయాలి. సెకనులో వందోవంతు అని వస్తే, మీ లోకంలో ఫ్యాక్టరీల కంటే ముందు తుపాకులు వస్తాయి.

ధర, పోటీ

పక్కన బొగ్గు దొరికే చోట కిలో సెగరాయి ధర పది కిలోల బొగ్గు ధరను పెద్దగా దాటదు, రవాణా మిగులును కలుపుకున్నా సరే. బొగ్గు చేరని కొండల్లో మాత్రం ఎంతైనా పలుకుతుంది. ఇంజన్ సామర్థ్యం పది నుంచి ఇరవై శాతానికి పెరిగితే ఒక్కో మిల్లుకు 45 కిలోలు చాలు. గనులు మూతపడతాయా అంటే, లేదు. ఇంధన పొదుపు వాడకాన్ని పెంచుతుందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లో బొగ్గు గురించి వాదించాడు. ఖర్చు తగ్గగానే అంతవరకూ గిట్టుబాటు కాని పనులకు కూడా ఇంజన్లు పెడతారు.

ఖనిజం అయిపోవడం కంటే దానికి బదులు దొరకడమే చరిత్రలో పెద్ద దెబ్బ. నైట్రేట్ ఎడారి కోసం చిలీ, పెరూ, బొలీవియా 1879 నుంచి పోరాడాయి. 1909లో రసాయన శాస్త్రవేత్త హేబర్ గాల్లోని నైట్రోజన్‌తో నైట్రేట్‌కు బదులుగా పనికొచ్చే అమోనియా చేసి చూపించాడు, 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చిలీ నైట్రేట్ వ్యాపారం కుప్పకూలింది. ఎడారిలో ఖనిజం అలాగే ఉంది. అల్యూమినియం తయారీకి కావాల్సిన క్రయోలైట్‌కు పెద్ద సహజ నిక్షేపం గ్రీన్‌లాండ్‌లోని ఇవిట్టూట్ ఒక్కటే. చివరికి కృత్రిమ క్రయోలైట్ ఆ అవసరం తీర్చింది, 1987లో ఆ గని మూతపడింది.

సెగరాయికి బదులు ఎక్కణ్నుంచి రావచ్చో కూడా షరతులోనే ఉంది. ఉప్పు లేకుండా పనిచేసే రకం ఎవరికైనా దొరికితే రెండు వలయాల బాయిలర్లన్నీ తుక్కవుతాయి. అయితే ఆ కొత్తరకం మామూలు వానకే వేడెక్కుతుంది కాబట్టి, ముందుగా తగలబడేది దాన్ని ఆరుబయట గుట్టపోసుకున్న వ్యాపారి గోదామే.